అమానత్ పెట్టిన మాట

ఇంగ్లీషులో నాకు బాగా వచ్చిన మాట ఒక్కటే, లైన్. మిగతా మాటలన్నీ వచ్చినట్టే వచ్చి అవసరానికి మొహం చాటేస్తాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు ఇంగ్లీషే చెప్పినదాన్ని ఇలా అనకూడదు గానీ, ఈ వయసులో గొప్పలు పోయి ఎవరిని మెప్పించాలి? లైన్ గురించి ఎవరైనా అడిగితే చెప్తాను. అడక్కపోయినా చెప్తాను. అందుకే మా ఇంట్లోవాళ్ళు నా ముందు ఆ మాట ఎత్తరు. కరెంటు లైను పోయినా 'కరెంటు పోయింది' అని ఊరుకుంటారు.

మాకు యాలాల వైపు భూములు, తాండూరులో ఇల్లు. చిన్న తరగతులు నేను ఉర్దూలో చదివాను. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయాక బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది, దాని వెంట ఇంగ్లీషూ వచ్చింది. పిల్లలం కాబట్టి మాకేం కాలేదు, నాలుగు రోజులు తికమకపడి సర్దుకున్నాం. సర్దుకోవడానికి తలప్రాణం తోకకొచ్చింది మా మౌల్వీ సాబుకు. ఆయన జీవితమంతా ఉర్దూ, ఫార్సీ చెప్పినవాడు. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు చదివిన ఇంగ్లీషు కాస్త మిగిలి ఉంది. ఉర్దూ చెప్పే పని లేదు, ఇంగ్లీషు చెప్తే ఉండు, లేకపోతే ఇంటికి పో అన్నారు. ఉంటానన్నాడు. చలికాలం వెళ్ళేలోగా ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడనీ, పిల్లలకు ఇంగ్లీషు రాకపోతే ఆయన్ని తీసేస్తారనీ పెద్దసారు మా అందరి ముందే చెప్పాడు. ఆ మాట పక్కకు పిలిచి చెప్పి ఉండవలసింది. పెద్దసారు మీద నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది.

ఆయన్ని తీసేస్తే నాకూ బడి లేనట్టే. ఎందుకంటే నా చదువు ఆయనకు కట్టేసి ఉంది. ఆడపిల్లను బడికి పంపడం మా తాతకు సుతరామూ ఇష్టం లేదు. మౌల్వీ సాబు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఒక సాయంత్రమంతా బతిమాలి ఒప్పించాడు. తాత ఒప్పుకున్నాడు గానీ మెలిక పెట్టాడు.

"గా ముసలాయన ఉన్నన్ని దినాలు పో. ఆయన పోయిన్నాడు నువ్వు సుత బందు. గా తర్వాత ఏ పోరడు పంతులై వస్తడో నాకెర్క లేదు" అన్నాడు.

మా నాయన పక్కనే ఉన్నాడు. తాత ముందు ఆయన నోరు మెదపడు.

మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో పిల్ల గొర్లు కాసుకునే ఇంటిది. ఆమె కోసం కూడా మౌల్వీ సాబు ఊరి బయట వాళ్ళ మంద దగ్గరికి నడిచి వెళ్ళి వాళ్ళ నాయనను అడిగాడు. గోడ పక్కన చాప మీద మేమిద్దరం కూర్చునేవాళ్ళం. నేను వాగుడుకాయను, ఆమె ఉలుకూ పలుకూ లేని మనిషి. ఏదైనా అడిగితే నా వైపు చూసేది, ఆమె బదులు నేనే చెప్పేసేదాన్ని. అప్పట్లో అది స్నేహం అనుకునేదాన్ని.

ఒకరోజు పాఠంలో లైన్ అనే మాట వచ్చింది. మౌల్వీ సాబు దగ్గర ఇంగ్లీషు మాటలకు ఉర్దూలో అర్థాలిచ్చే లావుపాటి డిక్షనరీ ఉండేది. దాన్ని తెరిచి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. లకీర్, అంటే గీత. ఖతార్, అంటే వరుస. సతర్, అంటే రాసిన పంక్తి. తాడు, తీగ, దారి, వంశం, వ్యాపారం... వేలు కిందికి జారుతూనే ఉంది, అర్థాలు తరగడం లేదు. చివరికి కళ్ళద్దాలు తీసి మా వైపు చూశాడు.

"అరే, ఒక్క లఫ్జుకు గింత ఖాందానా! గీ ఇంటోళ్ళందర్ని నేనొక్కన్నే యాడ మేపాలె?" అన్నాడు.

మేమంతా పకపకా నవ్వాం. ఆయనా నవ్వాడు. నవ్వాక మాకు పని పెట్టాడు. అర్థాన్ని ఆయన మానీ అనేవాడు. రేపటికల్లా ఒక్కొక్కరూ లైనుకు ఒక్కొక్క మానీ తేవాలి. పుస్తకంలోంచి కాదు, ఇంట్లోంచి, బజారులోంచి తేవాలి.

నేను ఇంటికెళ్ళి తాతను పట్టుకున్నాను. ఇంగ్లీషు మాట వినగానే ఒంటికాలి మీద లేచాడు. నేను వదల్లేదు. నిటారుగా ఉండేది, ఒకదాని పక్కన ఒకటి ఉండేది, దాన్ని మనమేమంటాం అని నస పెట్టాను. తాత చేతికర్రతో వాకిట్లో మట్టి మీద గీసి చూపించాడు.

"సాలు. అరక తోలినంక ఎన్కకు మర్రి సూస్తె కనవడేది సాలు. అది వంకర వోయిందనుకో, ఊరంత నవ్వుతది" అన్నాడు. ఆపైన తన సాళ్ళు ఎంత సక్కగా ఉండేవో చెప్తూ అన్నం చల్లారేదాకా లేవలేదు. ఇంగ్లీషు పుణ్యమా అని మా తాత నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

మర్నాడు తరగతి సంతలా ఉంది. రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగుమన్ కొడుకు 'పట్టాలు' తెచ్చాడు. వాళ్ళ నాయన పొద్దున లేస్తే లైను మీదే ఉంటాడట. గనిలో బండ కొట్టే ఆయన కొడుకు 'దారపు గీత' తెచ్చాడు. జాజు పూసిన దారాన్ని బండ మీద బిగించి లాగి వదిలితే ఎర్రగా గీత పడుతుంది, ఆ గీత వెంబడే ఉలి పెడతారు. మాకు చూపించడానికి నిజంగానే జాజు దారం తెచ్చి పంతులు బల్ల మీద టప్పున కొట్టాడు. ఆ ఎర్రగీత బల్ల మీద చాలా రోజులు ఉంది. దుకాణదారు కొడుకు 'యాపారం' తెచ్చాడు. ఏ లైనులో ఉన్నావంటే ఏం అమ్ముతున్నావని అర్థమట. కన్నడం మాట్లాడే ఇంటి పిల్లవాడొకడు నా 'సాలు' విని ఎగిరి గంతేశాడు. వాళ్ళింట్లో వరుసను కూడా సాలు అనే అంటారట. ఇద్దరమూ దాని కోసం కొట్టుకోబోతే, నీది నాగలి సాలు, వానిది మనుషుల సాలు అని మౌల్వీ సాబు పంచి ఇచ్చాడు.

అయితే రెండు రోజులకే గొడవ మొదలైంది. హుషారు పిల్లలు అందరి మానీలూ బట్టీ పట్టి, మౌల్వీ సాబు అడగడం ఆలస్యం, గడగడా అన్నీ అప్పజెప్పేస్తున్నారు. ఆ హుషారు పిల్లల్లో నేనే ముందుండేదాన్ని. మిగతావాళ్ళు తమవి తెచ్చి కూడా నోరు తెరిచే సందు లేక కూర్చుంటున్నారు. అప్పుడు మౌల్వీ సాబు ఒక కట్టుబాటు పెట్టాడు.

"ఎవరు తెచ్చిన మానీ వాళ్ళ సొత్తు. మందిది మనం ముట్టొద్దు. ఎవరిది వాళ్ళే లేసి చెప్పాలె. ఎవరన్న బడికి రాకుంటే గా మానీ గా దినం లేనట్టే. బడి ఇడిసి పోయేటోళ్ళు ఎవరి దగ్గరన్న అమానత్ పెట్టి పోవాలె. అమానత్ అంటే ఎర్కేనా? ఒకరు నమ్మి మన దగ్గర దాసుకున్నది. దాన్ని వాడుకోవద్దు, మర్సిపోవద్దు, అడిగిన్నాడు తిరిగియ్యాలె."

ఆ కట్టుబాటు వల్లే నా పక్కన కూర్చున్న పిల్ల గొంతు మొదటిసారి తరగతిలో వినబడింది. అందరూ చెప్పడం అయ్యాక మౌల్వీ సాబు ఆమె వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పడానికి లేదు కదా, నాలుక కొరుక్కుని కూర్చున్నాను. ఎంతసేపైనా ఆయన తొందరపెట్టలేదు. చివరికి ఆమె లేచింది.

"బారు" అంది. "గొర్ల బారు. ముంగట ఒకటి నడుస్తె ఎనక అన్ని దాని ఎంబడే నడుస్తయి. మా నాయిన ఒర్రుతె ఆగుతయి. బారు తప్పిన గొర్రెను తోడేలు వడ్తది."

ఆమె నోటి నుంచి అంత పెద్ద మాట అంతకుముందు మేమెవ్వరమూ వినలేదు. మౌల్వీ సాబు "శభాష్ బిడ్డా" అన్నాడు. ఆమె ముఖంలో ఆనాటి వెలుగు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

కందులు కోసి, జొన్న కోతలు పడ్డాక గొర్లవాళ్ళు ఊళ్ళు పట్టుకుని పోతారు. కోసిన చేలలో మందలు పెడతారు. గొర్లకు మేత దొరుకుతుంది, చేనుకు ఎరువు దొరుకుతుంది. ప్రతి ఏడూ నాయన వెంట ఆమె తల్లి పోయేది. ఆ ఏడు తల్లి చంటిపిల్లతో ఉంది. నాయనకు వండి పెట్టడానికి ఆమె పోవలసి వచ్చింది. కొడంగల్ వైపు పోయి, వానలు పడే నాటికి తిరిగి వస్తామంది. పోయే ముందు రోజు బడి విడిచిపెట్టాక నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా బారు నీకాడ వెడ్తున్న. జర పైలం. మల్లొచ్చి తీస్కుంట" అంది.

"ఫికర్ చెయ్యకు" అన్నాను, పెద్ద ఆరిందాలాగా.

ఆమె పోయిన కొద్ది రోజులకే ఇన్‌స్పెక్టరు పొద్దుటి రైలుకు దిగాడు. కోటు, టోపీ, పుస్తకంలో ఉన్నట్టుండే తెలుగు. మౌల్వీ సాబు ఆ రోజు ఉతికిన షేర్వానీ వేసుకుని వచ్చాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఈ మధ్య ఏం చెప్పారని ఇన్‌స్పెక్టరు అడిగితే, "లైన్ అనే లఫ్జు బాగ చెప్పిన సాబ్, నెలంత అదే నడిచింది" అన్నాడు. ఒక్క మాటకు నెలా అన్నట్టు ఇన్‌స్పెక్టరు కనుబొమలు పైకి లేచాయి. ఆడపిల్లను కాబట్టి ముందు నన్నే లేపాడు.

"లైన్ అంటే ఏమిటమ్మా?"

"సాలు సార్. నాగలి సాలు."

"బాగుంది. ఇంకో అర్థం?"

నేను మాట్లాడలేదు. అన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ నాది కాదు.

ఆయన నన్ను కూర్చోబెట్టి గ్యాంగుమన్ కొడుకును లేపాడు. వాడు "పట్టాలు" అన్నాడు. ఇంకోటి అంటే నేల చూపులు చూశాడు. బండ కొట్టే ఆయన కొడుకు దారపు గీత చెప్పి ఊరుకున్నాడు. వరసగా అదే తంతు.

"నెల రోజులు చెప్పి తలకొక్క ముక్కా నేర్పారు?" అని ఇన్‌స్పెక్టరు మౌల్వీ సాబు వైపు తిరిగాడు. "ఇంగ్లీషు రాని మనిషి చేత ఇంగ్లీషు చెప్పిస్తే ఇలాగే ఉంటుంది" అని పెద్దసారుతో అన్నాడు. పెద్దసారు అవునన్నట్టు తలూపాడు.

మౌల్వీ సాబు ఒక్కసారి "అన్ని చెప్పుండ్రి" అంటే చాలు, తరగతంతా ఒక్క గొంతుతో చెప్పి ఉండేవాళ్ళం. ఆయన అనలేదు. పెట్టిన కట్టుబాటును తన నౌకరీ కోసం తీసేయడం ఆయనకు తోచలేదో, మనసొప్పలేదో నాకు తెలియదు. బల్ల మీది ఎర్రగీతను చూస్తూ నిలబడ్డాడు. నాకు మాత్రం మా తాత గొంతు వినబడుతోంది: 'నువ్వు సుత బందు'. ఇక ఉండబట్టలేక లేచి నిలబడ్డాను.

"సార్, మాకు అన్ని వస్తయి. చెప్పరాదు. అవి మావి గావు."

"మీవి కాకపోతే ఎవరివి?"

"పట్టాలు వానివి. దారం గీత వానిది. యాపారం వానిది" అని చెయ్యి చూపిస్తూ పోయాను. ఇక నా నోరు ఆగలేదు. ఇన్‌స్పెక్టరుకు బోధపడలేదు. ఏమిటండీ ఇదని మౌల్వీ సాబును అడిగాడు.

"గల్తీ నాదే సాబ్" అన్నాడు ఆయన. "హుషార్ పిల్లలే అన్ని చెప్తున్నరు, గరీబు పిల్లలు మూగోళ్ళ లెక్క కూసుంటున్నరు. అందరు నోరు తెరవాలెనని ఎవరి మానీ వాళ్ళకే ఇచ్చిన. మందిది ముట్టొద్దన్న. మీరొచ్చి ఒక్కరినే అన్ని అడుగుతరని నాకు ఖయాల్ రాలే."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని మా మధ్యలో కూర్చున్నాడు. ఈసారి ఎవరిని ఏమీ అడగలేదు. "ఎవరిది వాళ్ళు చెప్పండి" అన్నాడు. ఒక్కొక్కరే లేచి చెప్పారు. పట్టాలు, గీత, వ్యాపారం, వరుస, పోలీసు లైనులో ఉండే పోలీసుల ఇళ్ళు, బట్టలు ఆరేసే దండెం, అరచేతిలో రేఖ. కొన్నిటికి ఆయన నవ్వాడు, కొన్నిటికి ఔనా అన్నాడు. అంతా అయ్యాక నా పక్కన ఖాళీగా ఉన్న చాప చూశాడు.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు?"

"గొర్లెంబడి వోయింది సార్."

"ఆమె అర్థం ఏమైంది?"

"నా దగ్గర పెట్టి వోయింది."

"చెప్పు మరి."

అప్పటిదాకా లేని పరేషానీ అప్పుడొచ్చింది. వాడుకోవద్దు అన్నాడు కదా. నేను మౌల్వీ సాబు వైపు తిరిగి, "సాబ్, అమానత్ తియ్యొచ్చా?" అని అడిగాను.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆమె పేరు మీద తియ్యి బిడ్డా" అన్నాడు.

నేను ఆమె పేరు చెప్పాను. పేరు చెప్పాక, ఆమె ఎలా నిలబడి చెప్పిందో అలాగే నిలబడి, ఒక్క ముక్క తగ్గకుండా చెప్పాను. బారు, గొర్ల బారు, నాయన ఒర్రితే ఆగడం, బారు తప్పితే తోడేలు పట్టడం, అన్నీ.

"మరి మీదేదండీ?" అని ఇన్‌స్పెక్టరు మౌల్వీ సాబును అడిగాడు. ఆ గొంతులో ఇందాకటి కోపం లేదు.

"నాకేమున్నది సాబ్? అన్ని వీళ్ళవే" అన్నాడు ఆయన.

గడప దాటుతూ ఇన్‌స్పెక్టరు పెద్దసారుతో చెప్పిన మాట మాకందరికీ వినబడింది. "ఈయన్ని కదపకండి. ఒక ఏడాదిలో ఇంగ్లీషు పరీక్ష రాయమనండి. నేను చూసుకుంటాను." మౌల్వీ సాబు ఆ పరీక్ష రాశాడు. మాతో పాటే స్పెల్లింగులు బట్టీ పట్టి పాసయ్యాడు. ఆ రోజు బజారులో పేడాలు కొని మాకు పంచాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళిన సాయంత్రం ఇంటికి వెళ్తే తాత అరుగు మీదే ఉన్నాడు.

"మీ ముసలాయన ఉన్నడా, పోయిండా?"

"ఉన్నడు తాతా."

"అయితె పో" అన్నాడు. ఆ తర్వాత నా చదువు గురించి మా ఇంట్లో మళ్ళీ మాట రాలేదు.

వానలు పడ్డాయి. మందలు తిరిగి వచ్చాయి. ఆమె రాలేదు. కొడంగల్ దగ్గర మేనత్త ఇంట్లో ఉంచేశామని వాళ్ళ నాయన చెప్పాడు. ఆ మరుసటి ఏడు పెళ్ళయిందని తెలిసింది. చాప మీద నా పక్క చోటు చాలా రోజులు అలాగే ఉంచాను. ఎవరైనా కూర్చోబోతే కసిరేదాన్ని.

నేను చదువుకున్నాను, టీచరు ట్రైనింగు అయింది, తిరిగి తిరిగి తాండూరు బడికే ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాను. ఆ అరవైలలో లైనుకు ఎన్ని కొత్త మానీలు వచ్చాయో! మా వీధికి కరెంటు లైను వచ్చింది. పోస్టాఫీసులో టెలిఫోను లైను వచ్చింది, ఎప్పుడు అడిగినా దొరకలేదనేవాళ్ళు. బియ్యానికి కొరత వచ్చినప్పుడు దుకాణం ముందు జనం లైను కట్టారు. సంచీ పట్టుకుని నేనూ నిలబడ్డాను. ముందున్నామె 'బారు పెద్దగున్నది' అంటే నాకు ఒళ్ళు ఝల్లుమంది. అది నా దగ్గర ఉన్నదే గానీ నాది కాదు. నేను పాఠం చెప్పేటప్పుడు లైన్ వచ్చిన ప్రతిసారీ అన్ని అర్థాలూ చెప్పి, ఆ ఒక్కటీ చెప్పకుండా వదిలేసేదాన్ని. పిచ్చి అనుకోండి.

మౌల్వీ సాబు అప్పటికి నౌకరీ అయిపోయి వికారాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. వీలున్న ఆదివారం రైలెక్కి వెళ్ళేదాన్ని. ఆయన భార్య చాయ్ ఇచ్చేది. నేను బడి కబుర్లు చెప్తే ఆయన వినేవాడు. ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, "గా పిల్ల వచ్చిందా?" అని. రాలేదనేదాన్ని. "వస్తది తియ్యి" అనేవాడు.

ఒక ఏడు బడులు తెరిచిన కొత్తలో, ఆరో తరగతిలో హాజరు పిలుస్తున్నాను. గుమ్మంలో ఒక పిల్ల నిలబడింది. నూనె రాసి బిగించి వేసిన జడలు, చేతిలో సంచీ. లోపలికి రమ్మంటే వచ్చి, నా బల్ల దగ్గర ఆగి, కాళ్ళ వైపు చూస్తూ నిలబడింది. ఎవరమ్మా, ఎక్కడి నుంచి అంటే కొడంగల్ దిక్కు నుంచి వచ్చానంది. హాస్టల్లో ఉంటుందట. అమ్మ దిగబెట్టి, బస్సుకు టైమైందని పోయిందట.

"కూర్చోమ్మా" అన్నాను. కూర్చోలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. నేను తొందరపెట్టలేదు. తొందరపెట్టకూడదని నాకు ఒకాయన నేర్పాడు.

"ఇంగ్లీషు టీచరు యాలాలోళ్ళ బిడ్డనేనా అని అడుగుమన్నది మా అమ్మ" అంది.

"నేనే బిడ్డా."

"మీకాడ మా అమ్మ అమానత్ ఉన్నదంట. తీస్కొమ్మన్నది."

హాజరు పుస్తకం మూసేశాను. తరగతి అంతా చూస్తోంది, చూడనీ అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, వాళ్ళమ్మ పేరు చెప్పి, బారు ఇచ్చాను. గొర్లూ, నాయన కేకా, తోడేలూ, ఏదీ మిగుల్చుకోలేదు. ఆ పిల్ల ఒకసారి తిరిగి అప్పజెప్పింది, సరిగ్గా ఉందో లేదో చూసుకున్నట్టుగా. తర్వాత వెళ్ళి గోడ పక్కన కూర్చుంది.

ఆ ఆదివారం వికారాబాదు వెళ్ళాను. నేను చెప్పులు విడవకముందే మౌల్వీ సాబు ఎప్పటి మాటే అడిగాడు. వచ్చింది సాబ్, బిడ్డను పంపింది, ఇచ్చేశాను అన్నాను. ఆయన మంచం మీద జరిగి నాకు చోటిచ్చాడు.

"మొత్తం ఇచ్చినవా?" అన్నాడు. "గొర్లతోని సహా?"

"గొర్లతోని సహా ఇచ్చిన సాబ్" అన్నాను.